కంటికి కానరాని అంగడి

2007వ సంవత్సరము అక్టోబరు మాసమున బెంగుళూరు నగరమందు ఇద్దరు యువకులు ఒక పుస్తకము కొరకు అంగడి వెంట అంగడి తిరుగుచుండిరి. ఆ పుస్తకమును కోరినవాడు వారికి మిత్రుడు కాడు, బంధువు కాడు. వారు అతని ముఖమునైనను చూచి యెరుగరు. అతడు మహబూబునగరవాసి. జాన్ వుడ్ అను రచయిత వ్రాసిన ఒక ఆంగ్లగ్రంథము తనకు కావలెనని అతడు కంప్యూటరు ద్వారా తెలియజేసి యుండెను. ఆ యువకుల పేర్లు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్. ఇంటిపేరు ఒక్కటే యైనను వారు అన్నదమ్ములు కారు, ఢిల్లీలోని ఐ.ఐ.టి.లో చదివినవారు. ‘ఫ్లిప్‌కార్ట్’ అను పేర వారు నూతనముగా తెరచిన పుస్తకాల దుకాణమునకు వచ్చిన మొదటి బేరమది. దుకాణమని పేరే గాని దానికి గోడలు లేవు, గల్లాపెట్టె లేదు, బీరువాలలో పుస్తకములును లేవు. బేరము వచ్చిన పిమ్మట పుస్తకమును వెదకి కొని, కట్ట కట్టి పంపుటయే వారి వ్యాపారము. ఎట్టకేలకు ఆ పుస్తకము బెంగుళూరులోనే ఒక అంగడిలో దొరకెను, మహబూబునగరమునకు చేరెను.

పదునొకండేండ్లు గడచినవి. 2018లో అమెరికాకు చెందిన వాల్‌మార్ట్ సంస్థ ఆ దుకాణమున సుమారు 77 శాతము వాటాను 1,600 కోట్ల డాలర్లకు కొనెను. ఇంత ధనము చేతులు మారుట వింతయే. కాని అంతకు మించిన వింత ఆ మొదటి బేరములోనే కలదు. కొనువాడు అమ్మువానిని చూడలేదు. అమ్మువాడు కొనువానిని చూడలేదు. బేరము కుదిరిన వేళ సరకును ఇద్దరిలో నెవ్వరును చూడలేదు. అయినను బేరము జరిగెను.

అంగడికి పోయి సరకు కొనుటలో ఎన్ని పరీక్షలు కలవో అలవాటు వలన ఎవరును గమనింపరు. బియ్యము కొనబోయిన గృహిణి పిడికెడు గింజలను అరచేతిలో పోసికొని చూచును. రెండు గింజలను పంటి క్రింద నలిపి అవి పాతవో క్రొత్తవో చెప్పగలదు. తొడిమను బట్టి వంకాయ లేతదనమును, చెవి కడ ఊపి కొబ్బరికాయలోని నీటిని కనిపెట్టుదురు. చీరయైనచో మడత విప్పి వెలుతురులో పట్టి చూచెదరు. ఆ పైన బేరమాడుట. బేరము ముగిసిన పిమ్మట కొసరు అడుగుట. కొసరుగా వేయు నాలుగు మిరపకాయలకో, కరివేపాకు రెబ్బకో విలువ లేదు. రేపు మరల రమ్మను పిలుపు అందులో నున్నది. వీధి చివరి కిరాణా కొట్టులో మరియొక సౌకర్యము కలదు. చేత పైకము లేని నాడు సరకు తెచ్చుకొని, జీతము వచ్చిన పిదప ఇచ్చుకొనవచ్చును. దానికి పత్రము లేదు, సాక్షి లేడు. కొట్టు యజమాని పొడుగాటి పద్దుపుస్తకమున పేరు వ్రాసికొనును, అంతే. అతడు ఆ కుటుంబము నెరుగును, వారి కష్టసుఖముల నెరుగును. ముఖపరిచయమే అక్కడ హామీపత్రము.

ముఖములు లేని అంగడిలో ఈ హామీ ఎవరిచ్చెదరు? ఈ ప్రశ్న కంప్యూటరు కంటె పాతది.

అమెరికా దేశమున 1872లో ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్ అను వర్తకుడు 163 వస్తువుల పేర్లను, వాని ధరలను ఒక్క కాగితముపై అచ్చొత్తించి షికాగో నగరమునుండి పల్లెలలోని రైతులకు పంపెను. రైతు ఉత్తరము వ్రాసినచో సరకు రైలులో వచ్చును. చూడని సరకును నమ్ముటెట్లని రైతులు సందేహింపగా, నచ్చని సరకునకు పైకము వాపసు చేయుదునని వార్డు 1875లో ప్రకటించెను. నేటి ఆన్‌లైన్ వర్తకమునకు మూలస్తంభమైన నియమ మిదియే. కొలది యేండ్లకు రిచర్డ్ సియర్స్ అను రైల్వే ఉద్యోగి ఈ రంగమున ప్రవేశించెను. ఒక ఊరి వర్తకుడు వలదని త్రిప్పివేసిన గడియారముల పెట్టెను అతడు తీసికొని, ఇతర స్టేషనులలోని ఉద్యోగులకు అమ్మి లాభము గడించెను. ఇది 1886 నాటి మాట. పిదప అతని సంస్థ ప్రకటించిన సరకుల పట్టిక వందల కొలది పుటల గ్రంథమై దేశమందలి పల్లెపల్లెకును చేరెను. సూదిమొదలు కుట్టుయంత్రము వరకు అందులో లేని వస్తువు లేదు.

ఇది ఊరి వర్తకులకు కంటగింపయ్యెను. 1913లో అమెరికా ప్రభుత్వము తపాలా ద్వారా పెద్ద కట్టలను చేరవేయు పద్ధతిని ప్రారంభించెను. అంతకు ముందు చిన్న పట్టణముల వర్తకులు దానిని గట్టిగా ప్రతిఘటించిరి. వారి భయము నిరాధారమైనది కాదు. అయినను అదే కాలమున అదే దేశపు దక్షిణ రాష్ట్రములలో మరియొక విశేషము జరుగుచుండెను. అచ్చటి అంగళ్లలో తెల్లవారందరు సరకులు తీసికొని పోవువరకు నల్లజాతివారు వేచియుండవలసి వచ్చెడిది. దుస్తులను తొడిగి చూచుకొననిచ్చెడివారు కారు. అప్పు పేర తక్కువరకము సరకును ఎక్కువ ధరకు అంటగట్టెడి వర్తకులును ఉండిరి. తపాలా ద్వారా వచ్చు పట్టికలో మాత్రము ధర అందరికిని ఒక్కటియే. ఉత్తరము వ్రాసిన చేతి రంగు షికాగో వర్తకునకు తెలియదు. మన పల్లెలలోను అంగడి అరుగుపై అందరికిని ఒకే తావు లేని దినము లుండెను. అందుచేత ముఖము చూడని అంగడి కేవలము నష్టదాయకమని తీర్మానించుట తొందరపాటగును. ముఖపరిచయము వలన అప్పు పుట్టినట్లే అవమానమును పుట్టవచ్చును.

మన దేశమున తపాలాశాఖ 1877లోనే వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టెను. పోస్టుమాను సరకు కట్టను ఇంటికి తెచ్చి, వెల పుచ్చుకొని, కట్టను ఇచ్చును. ఆ పైకమును తపాలాశాఖ వర్తకునకు చేర్చును. తెలుగు పత్రికలలో పుస్తకములను గూర్చియు, ఔషధములను గూర్చియు వెలువడిన ప్రకటనల క్రింద వి.పి. ద్వారా పంపబడునను మాట ఏండ్ల తరబడి కానవచ్చెను. 2010లో ఫ్లిప్‌కార్ట్ సంస్థ, సరకు చేతికి వచ్చిన పిమ్మటనే పైకమిచ్చు పద్ధతిని ప్రారంభింపగా అనేకులు దానిని క్రొత్త వింతగా భావించిరి. అది తాతల నాటి వి.పి.పి.యే. పోస్టుమాను సైకిలునకు బదులు మోటారుసైకిలు వచ్చినది.

కంప్యూటరు ఈ కథలో ఆలస్యముగా అడుగు పెట్టెను. 1979లో మైకేల్ ఆల్డ్రిచ్ అను ఆంగ్లేయుడు ఇంటిలోని టెలివిజనును టెలిఫోను తీగ ద్వారా వర్తకుల కంప్యూటరుతో కలిపి, కూర్చున్న చోటినుండియే కొనుగోలు చేయవచ్చునని చూపెను. 1984లో ఇంగ్లండులోని గేట్స్‌హెడ్ పట్టణమున 72 ఏండ్ల వృద్ధురాలొకతె ఈ విధముగా గ్రుడ్లను, మొక్కజొన్న అటుకులను, మార్గరీను అను కృత్రిమపు వెన్నను తెప్పించుకొనెను. నడచి అంగడికి పోలేని వృద్ధుల కొరకే ఆనాడు ఆ యేర్పాటు జరిగెను. ఈ నాటి యువజనుల వేగిరపాటు ఆనా డెవరును ఊహింపలేదు. తరువాత 1994లో జెఫ్ బెజోస్ అను నతడు అమెరికాలో ‘అమెజాన్’ సంస్థను స్థాపించి, 1995 జూలైలో ఇంటర్నెట్టు ద్వారా పుస్తకములను అమ్మ నారంభించెను. సియర్స్ సంస్థ తన పెద్ద సరకుల పట్టికను ఇక లాభము లేదని 1993లో, అనగా సరిగా అంతకు ముందే, నిలిపివేసి యుండెను! ఇల్లు కదలకుండ కొనుట యను అలవాటును నూరేండ్లు పెంచి పోషించిన సంస్థ, ఆ అలవాటు క్రొత్త రూపము ధరించు తరుణమున దానిని చేజార్చుకొనెను. 2018లో అది దివాలా తీసి న్యాయస్థానమును ఆశ్రయించెను.

బెజోసును, బన్సల్ మిత్రులును మొట్టమొదట పుస్తకములనే ఎన్నుకొనుటకు కారణము కలదు. పుస్తకము పేరు చెప్పినచో చాలును. దానిని తాకి చూడ నక్కరలేదు. మహబూబునగరమున చదివినను, మద్రాసులో చదివినను అందులోని అక్షరములవే. అదియును గాక అది పగిలిపోదు, కుళ్లిపోదు, సులభముగా కట్టలో ఇముడును.

ఒకరు చేతిఫోనుపై వ్రేలితో తాకి ఒక వస్తువును కోరగనే ఆ కోరిక ఇంటర్నెట్టు ద్వారా సంస్థ కంప్యూటరును చేరును. ఆ వస్తువు ఏ గిడ్డంగిలో నున్నదో కంప్యూటరు వెదకును. అచ్చటి పనివారు వస్తువును అరనుండి తీసి, పెట్టెలో నుంచి, నల్లని గీతలుగల చీటీని అంటింతురు. దారిలో ప్రతి మజిలీయందును ఆ గీతలను యంత్రముతో చదువుదురు. కావుననే కట్ట యెచ్చట నున్నదో కొన్నవాడు ఇంటినుండియే తెలిసికొనగలుగును. కట్టలను ఊళ్ల వారీగా వేరుచేయుటకు తోడ్పడునది ఆరంకెల పిన్‌కోడు. మన దేశమున ఒకే పేరుగల ఊళ్లు అనేకము కలవు. చిరునామాలు వ్రాయు భాషలును, లిపులును అనేకములు. అందువలన కలుగు చిక్కును తొలగించుటకు తపాలాశాఖకు చెందిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ ఈ అంకెల పద్ధతిని రూపొందించెను. ఆయన సంస్కృతమున కవి కూడ. 1972 ఆగస్టు 15వ తేదీన ఈ పద్ధతి అమలులోనికి వచ్చెను. మహబూబునగరపు సంఖ్య 509001. ఇందు మొదటి 5 అంకె ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలతో కూడిన మండలమును తెలుపును; మొదటి మూడంకెలు కలిసి ఉత్తరములను వేరుచేయు జిల్లాను, చివరి మూడంకెలు పంచిపెట్టు తపాలా కార్యాలయమును తెలుపును. ఉత్తరముల కొరకు ప్రభుత్వము వేసిన ఈ బాటపైననే నేడు ప్రైవేటు వర్తకుల బండ్లన్నియు నడచుచున్నవి. ఆ సంగతి వారి ప్రకటనలలో ఎచ్చటను కానరాదు.

పుస్తకమునకు, గడియారమునకు చాలిన ఈ యేర్పాటు చీర వద్దకు వచ్చునప్పటికి చిక్కులో పడును. యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి ఇక్కత్తు చీరలకు ప్రసిద్ధి కెక్కినది. ఇక్కత్తు పనిలో నేసిన బట్టకు గాక, నేయబోవు నూలునకే రంగు వేయుదురు. పోగులను వరుసగా పరచి, కావలసిన తావుల రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుదురు. కట్టిన చోట రంగెక్కదు. ఆ కట్లు విప్పి, వేరొక చోట కట్టి, మరియొక రంగులో ముంచుదురు. ఇట్లు తయారైన నూలును మగ్గమెక్కించి నేయునపుడు పోగుపోగున దాగియున్న రంగుముక్కలు ఒకదాని సరసకు ఒకటి చేరి నక్షత్రముగనో, చిలుకగనో, ఏనుగుగనో రూపొందును. లెక్క వెంట్రుకవాసి తప్పినను చిలుక ముక్కు వంకర తిరుగును. ఒక్క చీర వెనుక ఇంటిల్లిపాది శ్రమయు నుండును. నూలే రంగు పీల్చికొన్నది గనుక నిజమైన ఇక్కత్తు చీరలో ముందువైపును వెనుకవైపును ఒక్కటే తీరున నుండును. యంత్రములపై ఆ బొమ్మలనే అచ్చువేసిన నకిలీ బట్టకు సామాన్యముగా వెనుకవైపు వెలవెలబోయి యుండును. అంగడిలో చీర కొంగును త్రిప్పి చూచిన వారికి ఇది క్షణములో తెలిసిపోవును.

కాని ఫోను పలకపై చీర వెనుకవైపు కానరాదు. అసలును నకిలీయు ప్రక్కప్రక్కన ఒక్కటే తీరున మెరయుచుండును. క్రింద వ్రాసిన ధరలలోనే భేదము. రెండును ఒక్కటే యైనపుడు తక్కువ ధరది కొనుట తెలివియే గదా యని కొనువారు తలంతురు. వారికి కలుగు నష్టము కొలది రూపాయలు; మగ్గముపై కూర్చున్న వానికి కలుగు నష్టము కూడు. పోచంపల్లి ఇక్కత్తునకు భౌగోళిక గుర్తింపు చట్టపు రక్షణ కలదు. ఆ పేరును ఇతరులు వాడుకొనరాదు. నిజమైన చేనేత వస్త్రములకు గుర్తుగా కేంద్ర ప్రభుత్వము 2006లో ఒక ముద్రను కూడ ప్రవేశపెట్టెను. అయినను చట్టము ఫిర్యాదు వచ్చిన చోటికే పోగలదు. వేలకొలది చిత్రములలో ఏది యసలో ఏది నకిలీయో ముందుగా తేల్చుట కష్టము.

ఈ ఫోనే కొందరు నేతగాండ్రకు ఆధారమైనది కూడ. పూర్వము చీరను మాస్టర్ వీవరుకో, సహకార సంఘమునకో అప్పగించి వారిచ్చిన కూలి పుచ్చుకొనుట తప్ప, తాను నేసిన చీరను ఎవరు కట్టుకొనిరో నేతగానికి తెలియదు. నేడు కొందరు మగ్గముపై నున్న చీరను, దాని రెండు వైపులను ఫోనుతో చిత్రించి కొనువారికి నేరుగా పంపుచున్నారు. పరదేశములలోని తెలుగువారును ఇట్లు చీరలు తెప్పించుకొనుచున్నారు. అయితే ఇంగ్లీషున వివరము వ్రాయుటకు, చిత్రములు తీయుటకు, కట్టలు కట్టి పంపుటకు, త్రిప్పిపంపిన వానిని తీసికొనుటకు ఇంటిలో చదువుకొన్న బిడ్డ యొకరు కావలెను. అట్టి బిడ్డ మగ్గము వద్ద నిలుచునా యన్నది వేరు ప్రశ్న.

ఇక ఈ అంగడి యజమాని యెవరు? పెద్ద ఆన్‌లైన్ సంస్థలను సంతకు పోల్చవచ్చును. సంతలో కూరగాయలు సంత యజమానివి కావు; రైతులవి, వర్తకులవి. యజమాని చోటిచ్చి ఆశీలు వసూలు చేసికొనును. విదేశీ పెట్టుబడిగల ఆన్‌లైన్ సంస్థలు మన దేశమున ఇట్లు సంత నడపుటయే గాని, తామే సరకు పోసికొని చిల్లరగా అమ్మరాదని ప్రభుత్వ విధానము. కాని మామూలు సంతకును దీనికిని ఒక పెద్ద భేదము కలదు. మామూలు సంతలో ముందు తెల్లవారుజామున వచ్చినవాడు మంచి చోట కూర్చుండును. కొనువాడు సంతంతయు ఒకసారి చుట్టి రాగలడు. ఆన్‌లైన్ సంతలో చీరలని అడిగినచో వేలకొలది చీరలు వరుసకట్టును. మొదటి కొన్నింటిని దాటి చూచు ఓపిక ఎవరికి? ఆ వరుసను నిర్ణయించునది సంస్థ కంప్యూటరు. ముందు వరుసలో నిలువగోరు వర్తకుడు ఆశీలు గాక ప్రకటన రుసుము కూడ చెల్లించవలెను. ఎవరు ఏమి కొనిరో, ఏ వస్తువును చూచి కొనక విడిచిరో, ఏ ధరకు మనస్సు మార్చుకొనిరో అంతయు సంస్థకు తెలియును. వర్తకునకు అందులో కొంచెమే తెలియును. ఒకే సంస్థ గుప్పిట్లో సంత యుండరాదను తలంపుతో 2022లో భారత ప్రభుత్వ ప్రోత్సాహమున ఓ.ఎన్.డి.సి. అను బహిరంగ వర్తకజాలము ఐదు నగరములలో ప్రయోగముగా ఆరంభమయ్యెను. ఏ సంస్థ ద్వారా చేరిన వర్తకుడైనను మరియే సంస్థ ద్వారా వచ్చిన కొనుగోలుదారునకైనను అమ్మగలుగుట దాని ఉద్దేశము.

సరకుల వలెనే సేవలును ఇల్లు చేరినవి. రైలు టిక్కెట్టు కొరకు తెల్లవారకముందే స్టేషనుకు పోయి వరుసలో నిలిచిన తరము ఇంకను జీవించియే యున్నది. 2002 నుండి ఆ టిక్కెట్టు ఇంటర్నెట్టు ద్వారా లభించుచున్నది. 2001లో హైదరాబాదు నగరమున ఈ-సేవ కేంద్రములు వెలసినవి. విద్యుత్తు, నీరు, టెలిఫోను బిల్లులకు ఒక్కొక్క కార్యాలయము చుట్టును తిరుగు శ్రమ వానితో తగ్గెను. 2011లో మీ-సేవ వచ్చిన పిమ్మట కులధ్రువపత్రము మొదలగునవియు అట్లే లభించెను. 2019లో ప్రారంభమైన ఈ-సంజీవని ద్వారా పల్లెలోని రోగి దూరమున నున్న వైద్యునితో మాటలాడగలుగుచున్నాడు. గుమాస్తా దయ కొరకు కాచుకొని యుండు స్థితి పోయినచోట ఇది గొప్ప మేలే. అయితే ఫోను లేని వృద్ధురాలికి గుమాస్తాయైనను ఎదుట లేకుండ పోయెను. కిటికీ మూసినపుడు తట్టుటకు తలుపైన నుండవలెను గదా!

చెల్లింపుల మాట మరింత చిత్రమైనది. 2016 ఏప్రిల్‌లో జాతీయ చెల్లింపుల సంస్థ యు.పి.ఐ. పద్ధతిని ప్రవేశపెట్టెను. ఆ నవంబరులో పెద్ద నోట్లు రద్దగుటతో జనులు దానివైపు చూచిరి. చతురస్రాకారమున నల్లని చుక్కలతో నుండు క్యూ.ఆర్. గుర్తును 1994లో జపానులో మోటారుకార్ల భాగములను లెక్కించుకొనుటకు కనిపెట్టిరి. అది నేడు తోపుడుబండిపై అరటిపండ్ల మధ్యను, పూలబుట్ట అంచునను వ్రేలాడుచున్నది. దీనిని ఆసరా చేసికొని మోసగాండ్రును బయలుదేరిరి. తమకు రావలసిన పైకమును పంపుచున్నామని చెప్పి, రహస్య సంఖ్యను నొక్కుమని అడుగుదురు. పైకము పుచ్చుకొనుటకు రహస్య సంఖ్యతో పని లేదు; పైకము ఇచ్చుటకే అది కావలెను. ఈ చిన్న సంగతి తెలియక అనేకులు కష్టార్జితమును పోగొట్టుకొనిరి. అట్లు జరిగిన వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలదిని సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పరుగెత్తిపోవును.

చూడని అంగడిలో నమ్మకమునకు చట్టము కాపలా కావలసి వచ్చెను. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమముల ప్రకారము అమ్మువాని పేరు, చిరునామా, సరకు ఏ దేశమున తయారైనదియు తెలుపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెలలోగా పరిష్కరింపవలెను. సంస్థ వినకున్నచో 1915 అను సంఖ్యకు చెప్పుకొనవచ్చును. పొరుగింటివారి మాటకు బదులుగా ఈ అంగడిలో అపరిచితుల అభిప్రాయములను చదివి కొనుట వాడుక. వానిలో కొన్ని కూలికి వ్రాయించినవి కావున అమ్మువారు తామే కొనుగోలుదారుల వేషమున పొగడ్తలు వ్రాసికొనరాదని నియమము. 2023లో కేంద్ర ప్రభుత్వము పదుమూడు విధములైన కపటపద్ధతులను పేర్కొని నిషేధించెను. లేని కొరతను కల్పించి ‘ఇక రెండే మిగిలినవి’ అని తొందరపెట్టుట, కోరని వస్తువును బుట్టలో చేర్చుట, చివరి మెట్టున క్రొత్త రుసుములు బయటపెట్టుట వానిలో కొన్ని. పాతకాలపు గయ్యాళి వర్తకుడు సైతము ఇవన్నియు చేయజాలడు. కొనువాడు ఎదుటనే నిలిచి చూచుచుండును గదా!

కిరాణా కొట్టు ఏమైనది? పోలేదు. నేటికిని దేశమున వంటయింటి సరకులలో అధికభాగము చిన్న కొట్లలోనే అమ్ముడగుచున్నది. 2020 మార్చిలో దేశమంతయు ఇండ్లలో బంధింపబడిన దినములలో అనేక వీధులకు ఉప్పు, పప్పు అందించినది ఆ కొట్లే. కాని నగరములలో క్రొత్త పోటీ పుట్టెను. పేటల నడుమ చిన్న గిడ్డంగులను నెలకొల్పి, పది పదునైదు నిమిషములలో సరకు చేర్చుదుమని కొన్ని సంస్థలు బయలుదేరినవి. అరలున్నను, సరకులున్నను కొనువారెవరును లోపల అడుగుపెట్టని అంగళ్లవి. కొట్టు యజమాని పాలపాకెట్టుపైనను, రొట్టెపైనను సంపాదించు కొలది లాభమును అవి హరించుచున్నవి. అవసరమునకు సరకు అచ్చట తెచ్చుకొని, జీతము లేని నెలలో ఇచ్చటికి వచ్చి అప్పడుగు ఇండ్లును లేకపోలేదు.

ఆ పది నిమిషములను తన కాళ్లపైనను, చక్రములపైనను మోయువాడు సరకు తెచ్చు యువకుడు. 2020-21లో మన దేశమున ఆన్‌లైన్ సంస్థల ద్వారా ఇట్టి పనులు చేయువారు సుమారు 77 లక్షల మందియని, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు కావచ్చునని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసెను. వారిని సంస్థలు ఉద్యోగులనవు; భాగస్వాములనును. పేరు గొప్పదే. కాని భాగస్వామికి లాభములో భాగము లేదు. ఉద్యోగికుండు నెలజీతము, సెలవు దినము, ప్రావిడెంటు ఫండు లేవు. చేరవేసిన కట్టకు ఇంతయని కూలి. మోటారుసైకిలు అతనిది, పెట్రోలు అతనిది, వర్షములో జారిపడినచో విరుగు కాలును అతనిదే. మే నెల ఎండలో హైదరాబాదు వీధులలో తారు మెత్తబడు వేళ నాలుగంతస్తులెక్కి అన్నపు పొట్లమందించినను, ఆలస్యమైనదని ఒకరు నక్షత్రములు తగ్గించినచో మరునాటి పని తగ్గవచ్చును. అతనికి పై అధికారి యొక కంప్యూటరు. దానితో మొరపెట్టుకొనుట యెట్లు? 2020లో చేసిన సామాజిక భద్రతా స్మృతి ఇట్టి పనివారిని మొదటిసారిగా చట్టమున పేర్కొని, వారి సంక్షేమ నిధికి సంస్థలు తమ వార్షిక వ్యాపారములో నూటికి ఒకటి రెండు వంతులు చెల్లించవలెనని విధించెను. 2023లో రాజస్థాను వారి కొరకు ప్రత్యేక చట్టము చేసిన మొదటి రాష్ట్రమయ్యెను. ఆ యేడు డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము వారికి 5 లక్షల రూపాయల ప్రమాద బీమాను ప్రకటించెను.

సాయంకాలము బేరములు హెచ్చుటకు ముందు నగరములోని ఏ పేటలోనైనను ఒక దృశ్యము కానవచ్చును. చీకటి గిడ్డంగి ఎదుట రంగురంగుల చొక్కాలు తొడిగిన యువకులు బండ్లపై కూర్చుండి ఫోనులు చూచుచు పిలుపునకై వేచియుందురు. వీధి కావలి ప్రక్క చిన్న కొట్టున్నది. ఆ కొట్టుకు బేరములు తగ్గుటకు ఎదుటి గిడ్డంగియే కారణము. గిడ్డంగి సరకును ఇంటింటికిని మోయువారు ఈ యువకులే. అయినను ఎండలో తిరిగి వచ్చి వారు మంచినీళ్లడుగునది ఆ కొట్టులోనే. టీ త్రాగి ఒకడు క్యూ.ఆర్. గుర్తునకు ఫోను చూపి పైకము చెల్లించును. వేరొకడు జేబు తడుముకొని, ఈ వారపు కూలి ఇంకను ఖాతాలో పడలేదని చెప్పును. కొట్టు యజమాని తల యూపి, గల్లాపెట్టె క్రిందనుండి పొడుగాటి పద్దుపుస్తకము తీసి, అతని పేరడిగి వ్రాసికొనును.